గంట పోతే గుండె కండ పోతది

సంపాదకీయం

యాసంగి కోతలప్పుడు జరిగిన సంగతి ఇది. ఊరి పేరు రాస్తలేము, మనిషి పేరు రాస్తలేము. మీ ఊరే అనుకోండి, తప్పేం లేదు.

అతనికి యాభై నిండలేదు. వడ్ల బస్తాలు మోసే హమాలీ. రాత్రి తొమ్మిదింటికి అన్నం తిని పండుకోబోతుంటే ఛాతీ మీద బండ పెట్టినట్టయింది. పెయ్యంత చెమట. ఎడమ చెయ్యి గుంజుతున్నది. ఇంట్ల వాళ్లు గ్యాసు అనుకున్నరు. సోడా తాగిచ్చిన్రు, వాము నమిలిచ్చిన్రు. తగ్గలేదు. ఆర్ఎంపీ వచ్చి పిర్రకు రెండు సూదులు వేసిండు, ఒకటి గ్యాసుకు, ఒకటి నొప్పికి. కొంచెం నిమ్మళించింది, మళ్ల లేచింది. అర్ధరాత్రి ఎవలను లేపుతం, కిరాయికి పైసలేవి, పొద్దుగాల చూద్దాం అనుకున్నరు. తెల్లారి ఆటోల దగ్గర్లోని దవాఖానకు పోతే ఈసీజీ తీసే మనిషి ఇంకా రాలేదు. వచ్చి తీసినంక "పెద్ద దవాఖానకు పొండ్రి" అన్నరు. పెద్ద దవాఖాన గడప తొక్కేసరికి మధ్యాహ్నం రెండయింది.

అంటే 17 గంటలు.

మనిషి బతికిండు. మన ముచ్చట అక్కడ అయిపోలేదు, అక్కడ్నే మొదలైంది. "గుండె సగం పనే చేస్తున్నది, బరువు ఎత్తొద్దు" అని డాక్టరు చెప్పి పంపిండు. బస్తా ఎత్తొద్దంటే హమాలీకి ఏం మిగిలింది? ఇయ్యాల ఆ ఇంట్ల భార్య ఒక్కతే కైకిలికి పోతున్నది. బిడ్డ చదువు ఇంటర్‌ల ఆగింది.

ఊర్లో అందరూ ఒక్కటే మాట అంటున్నరు: "వాని రాత అట్లున్నది." ఈ పక్షం మేము రాస్తున్నది ఆ మాట మీదనే. రాత కాదు. ఆ 17 గంటలు చేసిన పని అది.

గుండె అంటే ఏంది? అదొక కండ. మన జబ్బకున్న కండ లాంటిదే, కాకపోతే దానికి ఆదివారం లేదు, అమావాస్య లేదు. ఊరందరి రక్తం చేరవేసే ఆ కండకు సొంతానికి కూడా రక్తం కావాలె. అది తెచ్చే సన్నని నాళాలు గుండె మీదనే పారుతుంటయి. వాటిల కొవ్వు పేరుకున్న చోట పగులు వచ్చి, అక్కడ రక్తం గడ్డ కడితే తూము మూసుకున్న కాలువ అయితది. కింద ఉన్న మడి ఎండుతది. దాన్నే గుండెపోటు అంటున్నం.

ఇక్కడ గుర్తు పెట్టుకోవల్సిన సంగతి ఒకటున్నది. తూము మూసుకోంగనే మడంతా ఒక్కసారే ఎండదు. లోపలి పొర నుంచి మొదలై బయటి పొర దాకా, గంట గంటకు కొంత కొంత పాకుతది. రీమర్, జెన్నింగ్స్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు 1977లో దీన్ని కుక్కల మీద కొలిచి చూపిన్రు. నాళాన్ని మూసి 40 నిమిషాలకు తెరిస్తే ఆ గోడలో నూటికి 38 పాళ్లు చచ్చింది. 3 గంటలకు తెరిస్తే 57 పాళ్లు. 6 గంటలకు తెరిస్తే 71 పాళ్లు. అసలు తెరువకుంటే 85 పాళ్లు. మనిషి గుండెలో లెక్క కొంచెం అటూ ఇటూ ఉంటది కానీ దారి మాత్రం అదే. చచ్చిన గుండె కండ మళ్ల మొలవదు. ఆ చోట మచ్చ పడుతది. మచ్చ గుంజదు, కొట్టుకోదు.

వెనుకట డాక్టర్లు కూడా రాత అనే అనుకున్నరు. గుండెపోటు వచ్చినోన్ని వారాల తరబడి మంచం దిగనియ్యకపోయేది. నొప్పికి మందిచ్చి దేవుని మీద భారం వేసేది. 1971లో యూజీన్ బ్రౌన్‌వాల్డ్, పీటర్ మరోకో అనే డాక్టర్లు ఈ నమ్మకాన్ని తిప్పికొట్టిన్రు. నాళం మూసుకున్నంక కూడా ఎంత కండ చావాలె అన్నది ముందే ఖరారైన లెక్క కాదు, దాన్ని తగ్గించొచ్చు అని జంతువుల మీద రుజువు చేసిన్రు. ఈ బ్రౌన్‌వాల్డ్ ఎవరు? వియన్నాలో పుట్టిన యూదుల పిల్లగాడు. 1938లో హిట్లరు సైన్యం వచ్చినంక పుట్టుకను బట్టి మనిషిని వేటాడే రాజ్యం నుంచి కుటుంబంతో పారిపోయినోడు. పుట్టుకతోనే రాత రాసి పెట్టిన్రు అనే మాట అబద్ధమని మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. గుండె విషయంలో కూడా అది అబద్ధమే.

ఆ తర్వాత మందులొచ్చినై. గడ్డను కరిగించే స్ట్రెప్టోకినేజ్ సూదిని ఇటలీ డాక్టర్లు పదకొండు వేల పైచిలుకు మంది రోగుల మీద పరీక్షించి 1986లో ఫలితం చెప్పిన్రు. నొప్పి మొదలైన గంట లోపల సూది పడ్డవాళ్లలో చావులు దాదాపు సగం తగ్గినై. ఆలస్యమైన కొద్దీ లాభం తగ్గింది. 1988లో 417 దవాఖానల్ల 17,187 మంది మీద ఇంకో పరీక్ష జరిగింది. ఏ మందూ ఇయ్యనివాళ్లల్ల నూటికి 13 మంది ఐదు వారాల్ల చచ్చిపోతే, ఆస్పిరిన్ గోలి, స్ట్రెప్టోకినేజ్ సూది రెండూ ఇచ్చినవాళ్లల్ల 8 మందే చచ్చిపోయిన్రు. ఒట్టి ఆస్పిరిన్ గోలి కూడా చావుల్ని ఐదో వంతుకు పైగా తగ్గించింది. ఆ గోలి ధర ఎంత? బీడీ కట్ట కంటె తక్కువ.

అంటే ఈ తెలివి మనిషికి వచ్చి ముప్పై ఐదేండ్లు దాటింది. మరి మన వాడకు రావడానికి ఇంకెన్నేండ్లు పడుతది?

ఇది మేము ఆవేశంతో అడుగుతున్న మాట కాదు. లెక్క ఉన్నది. బెంగళూరు సెయింట్ జాన్స్ డాక్టరు డెనిస్ జేవియర్, ఆయనతోటి వాళ్లు మన దేశంలో 50 పట్టణాల్ల, 89 దవాఖానల్ల 20,468 మంది గుండె రోగుల వివరాలు కూడబెట్టి 2008లో లాన్సెట్ పత్రికలో అచ్చు వేసిన్రు. నొప్పి మొదలైనకాడి నుంచి దవాఖాన చేరేదాకా నడిమి లెక్కన 360 నిమిషాలు పట్టింది. ఆరు గంటలు! గడ్డ కరిగించే మందు ఉన్నోళ్లల్ల నూటికి 60 మందికి అందితే, పేదల్ల 52 మందికి అందింది. బెలూను పెట్టి నాళం తెరిచే వైద్యం ఉన్నోళ్లల్ల నూటికి 15 మందికి దొరికితే, పేదల్ల ఇద్దరికే దొరికింది. నెల లోపల చచ్చిపోయింది ఉన్నోళ్లల్ల నూటికి 5.5 మంది, పేదల్ల 8.2 మంది.

ఇగ అసలు సంగతి వినండి. వాళ్లు ఇంకో లెక్క కూడా కట్టిన్రు. ఇద్దరికీ ఒకే తీరు వైద్యం అందితే ఎట్లుంటది అని సరిచూస్తే, చావుల్లో ఆ తేడా మాయమైంది. పేదోని గుండె వేరే మట్టితో చేసింది కాదు. వాడు తాగి చచ్చిండు, బీడీ తాగి చచ్చిండు, తెలివి లేక చచ్చిండు అని చెప్పేటోళ్లకు ఇదే జవాబు. పేదోడు వైద్యం అందక చచ్చిండు.

"గుండెపోటు షావుకార్ల రోగం, కష్టం చేసేటోనికి రాదు" అనే మాట ఇంకా మనలో కూడా ఉన్నది. గోదావరి జిల్లాల 45 పల్లెల్ల 2003-04లో ఒక ఏడాది పాటు ఇంటింటికీ తిరిగి చావులకు కారణాలు రాసిన్రు. నూరు చావుల్ల 32 గుండె, రక్తనాళాల జబ్బులవే. అది ఇరవై ఏండ్ల కిందటి మాట. కష్టం చేసేటోనికీ బీపీ ఉన్నది, షుగరున్నది, చుట్ట ఉన్నది, గుట్కా ఉన్నది, అప్పు ఉన్నది.

ఇప్పుడు మన మూడు జిల్లాల మీదికి వద్దాం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. 2016 అక్టోబర్ 11న జిల్లాలయినై. పాలన గడపకొచ్చింది అన్నరు. మహబూబాబాద్‌కు 2022లో, జనగామ, భూపాలపల్లికి 2023లో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చినై. మంచిదే. వద్దనేటోళ్లం కాదు. కానీ కాలేజీ బోర్డు గడ్డను కరిగియ్యదు. సూది కరిగిస్తది. అర్ధరాత్రి ఆ సూది వేసే మనిషి కావాలె.

దూరాలు చూడండి. జనగామ నుంచి హనుమకొండ సుమారు 55 కిలోమీటర్లు, హైదరాబాద్ సుమారు 85. మహబూబాబాద్ నుంచి వరంగల్ 60 దాటుతది. భూపాలపల్లి నుంచి హనుమకొండ 65 పైనే. ఇవి జిల్లా కేంద్రాల లెక్కలు. గంగారం, కొత్తగూడ అడవి పల్లెల నుంచి, మహదేవపూర్, పలిమెల గోదావరి ఒడ్డు నుంచి లెక్క కట్టండి. కాళేశ్వరం నుంచి హనుమకొండకు వంద కిలోమీటర్లు దాటుతది. వానాకాలం వాగు పొంగితే ఆ లెక్క కూడా లేదు.

వైద్యశాస్త్రం చెప్పే నియమం సీదాగ ఉన్నది. ఛాతీ నొప్పితో వచ్చిన మనిషికి పది నిమిషాల్ల ఈసీజీ తియ్యాలె. నాళం పూర్తిగా మూసుకున్న గుండెపోటు అని తేలితే, రెండు గంటల లోపల బెలూను వేసే చోటికి చేర్చగలిగితే అక్కడికి పంపాలె. చేర్చలేకపోతే అక్కడికక్కడనే, అరగంట దాటకుండ గడ్డ కరిగించే సూది వెయ్యాలె. నొప్పి మొదలై 12 గంటల లోపలనైతే పని చేస్తది, మొదటి రెండు మూడు గంటల్లనైతే బాగా పని చేస్తది. సూది పడ్డంక తాపీగా కాదు గానీ, ఊపిరి పీల్చుకుని, ఒకరోజు లోపల పెద్ద దవాఖానకు తీసుకపోయి నాళం చూపియ్యొచ్చు. ఈ మందుతో రక్తస్రావం అయ్యే ప్రమాదం కొంత ఉన్నది. నూటికి ఒకరికో, అంతకు తక్కువో మెదడులో రక్తం కారొచ్చు. ఈ మధ్య పక్షవాతం వచ్చినోళ్లకు, ఆపరేషన్ అయినోళ్లకు ఇయ్యరు. అందుకే డాక్టరు చూసి వెయ్యాలె. ప్రమాదం ఉన్నదని చెప్పి అసలే వెయ్యకుండ వంద కిలోమీటర్లు తోలుడు వైద్యం కాదు.

మరి మన దగ్గర జరుగుతున్నదేంది? "పెద్ద దవాఖానకు పొండ్రి." చీటి రాసి చేతుల పెడితే బాధ్యత తీరింది. చీటి జేబుల ఉంటది, కండ దారి పొడుగూత చస్తుంటది.

ఆరోగ్యశ్రీ ఉన్నది కదా అంటరు. 2007లో మొదలైంది. 2023 డిసెంబర్‌ల పది లక్షలకు పెంచిన్రు. దానితో ఎంతోమంది బతికిన్రు, కాదనం. కానీ కార్డు తెరిచే తలుపు హనుమకొండల, హైదరాబాద్‌ల ఉన్నది. గుండె చచ్చేది పలిమెలల. పోయిన గంటను ఏ కార్డూ తిరిగి కొనదు. 108 కూడా ఉన్నది, 2005 ఆగస్టు 15 నుంచి. పిలిస్తే వస్తది, పైసా తీసుకోదు. కానీ మన వాడ సందులకు బండి వస్తదా? ఊరి రోడ్డు సిమెంటుదైతది, వాడ మలుపు కాడ ఆగిపోతది. మంచం మీద మోసుకపోయి రోడ్డెక్కిచ్చే పది నిమిషాలు ఎవరి లెక్కల రాసుకోవాలె?

భూపాలపల్లిల బొగ్గు తవ్వడానికి మూడు షిఫ్టులున్నయి. రాత్రి కూడా బొగ్గు ఆగదు. ఈసీజీకి ఎన్ని షిఫ్టులు?

ఇది అయ్యే పని కాదు అనేటోళ్లకు పక్క రాష్ట్రాలను చూపిస్తున్నం. తమిళనాడులో చిన్న దవాఖానలను పెద్ద దవాఖానలకు జోడించి, ఈసీజీని తీగ లేకుండ పంపి, చిన్న చోటనే సూది వేసి పెద్ద చోటికి చేర్చే పద్ధతిని 2,420 మంది మీద పరీక్షించి 2017లో ఫలితం అచ్చు వేసిన్రు. ఏడాదిల చావులు నూటికి 17.6 నుంచి 14.2కు తగ్గినై. అదే రాష్ట్రం 2023లో పల్లె దవాఖానల్లనే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అటోర్వాస్టాటిన్ మొదటి మోతాదు ఇచ్చే పథకం పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌ల 2023లో వేల రూపాయల ఖరీదైన టెనెక్టెప్లేస్ సూదిని చిన్న సర్కారు దవాఖానల్ల ఉచితంగా వేసే పని మొదలుపెట్టిన్రు. ఆ మందును కేంద్ర సర్కారు 2022లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మందున్నది, దారున్నది. నడవాలె.

అడిగితే అయితదా అని నీరసపడేటోళ్లకు ఇంకొక్క సంగతి. గుండె నాళంలో వేసే స్టెంటును లక్ష రూపాయలకు పైగా అమ్ముకునేటోళ్లు. బీరేందర్ సంగ్వాన్ అనే వకీలు ఢిల్లీ హైకోర్టుకు ఎక్కిండు. 2017 ఫిబ్రవరిల కేంద్రం మందు పూసిన స్టెంటుకు 29,600, మామూలు స్టెంటుకు 7,260 రూపాయల కంటె ఎక్కువ తీసుకోవద్దని ధర కట్టింది. ఒక్కడు అడిగితేనే అంత పనయింది. వాడ వాడంతా అడిగితే?

అందుకే మా డిమాండ్లు:

ఒకటి. మూడు జిల్లాల్ల ప్రతి ఏరియా దవాఖానల, ప్రతి కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌ల రాత్రింబవళ్లు ఈసీజీ తియ్యాలె. తీసిన కాగితం చదివే డాక్టరు ఫోన్‌లోనైనా దొరకాలె.

రెండు. గడ్డ కరిగించే సూది అక్కడనే నిల్వ ఉండాలె. ఎన్ని ఉన్నయో గోడ మీద రాయాలె.

మూడు. ఛాతీ నొప్పితో వచ్చిన మనిషి వచ్చిన టైము, ఈసీజీ తీసిన టైము, సూది వేసిన టైము రిజిస్టర్‌ల రాయాలె. సూది వెయ్యకుండ పంపితే ఎందుకు వెయ్యలేదో చీటి మీద రాయాలె.

నాలుగు. మహదేవపూర్, పలిమెల, గంగారం, కొత్తగూడ లాంటి దూరపు చోట్ల 108 బండిలనే ఈసీజీ ఉండాలె.

ఐదు. వాడలోపలి దాకా బండి పోయే తొవ్వ వెయ్యాలె.

సర్కారును అడుగుడు ఒక ఎత్తు. మన చేతుల ఉన్నది ఇంకో ఎత్తు. సర్కారు వచ్చేదాకా గుండె ఆగదు కదా.

ఛాతీ నడుమ బరువు, పిసికినట్టు నొప్పి, చేతికో దవడకో వీపుకో పాకుడు, చెమటలు, దమ్ము ఆడకపోవుడు ఉంటే గ్యాసు అనుకోవద్దు. ఆడవాళ్లకు, షుగరున్నోళ్లకు నొప్పి సరిగ్గ తెలువకపోవచ్చు. ఒట్టి వాంతులు, కడుపు పైభాగంల నొప్పి, ఎన్నడూ లేని నీరసం కూడా గుండెపోటే కావొచ్చు. అక్కలారా, "నాకేమైతది" అని పొయ్యి కాడ కూసోకుండ్రి. తగ్గుతదేమోనని గంటలు చూడొద్దు. వెంటనే 108కు ఫోన్ చెయ్యాలె. మనిషిని నడిపియ్యొద్దు, బండి మీద నడుమ కూసోబెట్టి తోలొద్దు. ఆస్పిరిన్ పడనోళ్లు, రక్తం కక్కినోళ్లు, కడుపుల పుండు ఉన్నోళ్లు కాకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగాలె. 75 గోలీలైతే నాలుగు. 108 వాళ్లను ఫోన్‌ల అడిగి ఇయ్యుండ్రి. నాలిక కింద పెట్టే గోలీని డాక్టరు చెప్పకుండ పెట్టొద్దు, బీపీ పడిపోవచ్చు.

ఆర్ఎంపీ తమ్ముళ్లకు ఒక మాట. అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది మీరే. మిమ్ముల తిట్టుడు మా పని కాదు. కానీ ఛాతీ నొప్పికి పిర్రకు సూది వెయ్యకుండ్రి. తర్వాత గడ్డ కరిగించే మందు ఇచ్చినప్పుడు ఆ సూది పడ్డ చోట రక్తం కారుతది. నొప్పి తగ్గినట్టనిపిస్తే మనిషి ఇంట్లనే ఆగిపోతడు. ఆస్పిరిన్ ఇచ్చి, బండిని పిలిచి, మీరే వెంబడి పోతే ఊరు మీకు మొక్కుతది.

మనిషి కూలబడి, పిలిస్తే పలుకకుండ, ఊపిరి లేకుండ ఉంటే ఇంకో సంగతి. గుండె ఆగింది. ఛాతీ నడుమ రెండు చేతులు పెట్టి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాలు దిగేటట్టు నొక్కుతనే ఉండాలె, బండి వచ్చేదాకా. ప్రతి వాడల ఐదుగురు యువకులు, ఐదుగురు ఆడపిల్లలు ఇది నేర్చుకోవాలె.

ఇంటికి వచ్చినంక కూడా పని ఉన్నది. దెబ్బ తిన్న గుండె సాగుకుంట పోతది. రామిప్రిల్, మెటోప్రొలాల్ లాంటి గోలీలు డాక్టరు చెప్పినన్నాళ్లు వేసుకుంటే ఆ సాగుడు తగ్గుతది. నొప్పి లేదని గోలి బంద్ పెట్టినోళ్లనే రెండోసారి మోసుకపోతున్నం. బీడీ, చుట్ట, గుట్కా ఆ రోజుతోనే బంద్ కావాలె.

సంఘం కార్యకర్తలారా, ఈ పక్షం మీకు ఒక్కటే పని. మీ దగ్గరి దవాఖానకు పోయి మూడు ప్రశ్నలు అడగండి. రాత్రి పన్నెండింటికి ఈసీజీ ఎవరు తీస్తరు? గడ్డ కరిగించే సూది ఉన్నదా? ఉంటే ఎవరు వేస్తరు? జవాబును వాడ కూడలిల గోడ మీద పెద్దక్షరాలతో రాయండి. లేదు అంటే లేదనే రాయండి. కింద తేదీ వెయ్యండి. గ్రామసభల అదే చదవండి. మాకు కూడా రాసి పంపండి, వచ్చే సంచికల దవాఖానల వారీగా అచ్చు వేస్తం.

భూమి లేనోనికి కండనే భూమి. ఆ కండను నడిపేది గుండె కండ. అది గంట గంటకు పోతుంటే రాత అని కూసోలేం. వడ్ల బస్తా మోసిన ఆ అన్న ఇయ్యాల వాకిట్ల మంచం మీద కూసోని రోడ్డు చూస్తున్నడు. ఇంకో వాకిట్ల ఇంకో మంచం పడకముందే ఆ మూడు ప్రశ్నలు అడుగుదాం.